తండా అంతటికీ ఒకటే నంబరు

మొన్న పొద్దున్నే గ్యాస్ బండి వచ్చింది. సిలిండర్ దించిన మనిషి గుమ్మం దగ్గర చెమట తుడుచుకుంటూ, ఫోన్‌కు నంబరు వచ్చి ఉంటుంది, చెప్పమన్నాడు. ముందు ఫోన్ వెతికి, తర్వాత కళ్ళజోడు వెతికి, నాలుగంకెలూ చదివి వినిపించాను. ఆయన తన ఫోన్‌లో కొట్టుకుని ఖాళీ సిలిండర్ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అర నిమిషం పని. నేను మాత్రం తలుపు వేయకుండా అక్కడే నిలబడిపోయాను. పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా అయ్యాయి. మా ఆయన గుడ్డ పట్టుకుని తుడుస్తూ, ఇంత పరధ్యానం ఏమిటన్నారు. ఏమని చెప్పను? ఒక నంబరు అడిగితే చెప్పడం ఇంత తేలికా అని ఆలోచిస్తున్నాను.

రెండేళ్ల కిందటి జూన్‌లో ఇలాంటి నంబరు కోసమే నేను నాలుగు జిల్లాల మధ్య పరుగెత్తాను. తప్పు నాదే. ఎక్కడ మొదలైందో చెప్పాలంటే మాత్రం ఇంకా వెనక్కి పోవాలి.

నేను జనగామలో పుట్టి పెరిగినదాన్ని. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు. టీచరు ఉద్యోగం వచ్చి మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో పడ్డాక పిల్లల దగ్గర లంబాడీ మాటలు కూడా నేర్చుకుని, మూడు భాషల్లోనూ తిట్టగలిగే స్థాయికి వచ్చాను. అక్కడ పద్దెనిమిదేళ్లు పనిచేశాను. ఆ రోజుల్లోనే ఆధార్ కార్డులు తీసేవాళ్ళు కంప్యూటరూ, వేలిముద్రల డబ్బా పట్టుకుని మా బడి వరండాలో దిగారు. ఒక్కొక్కరి పేరు, వయసు రాసుకుని చివర్లో ఫోన్ నంబరు అడుగుతారు. తండాలో అప్పుడు ఫోన్లు ఉన్నవాళ్ళే తక్కువ. ఉన్నవాళ్ళు కూడా ఎక్కడ చవకగా సిమ్ము దొరికితే అది వేసుకుని, అయిపోగానే పారేసేవాళ్ళు. కంప్యూటర్ మనిషి విసుక్కుంటున్నాడు. వరసలో ఎండకు నిలబడ్డవాళ్ళంతా నా మొహం చూస్తున్నారు. నేను లేచి, నా నంబరు రాయండి అన్నాను. ఒకరికి రాశాడు, ఇద్దరికి రాశాడు, సాయంత్రానికి దాదాపు తండా అంతటికీ నా నంబరే. ఎవరో పెద్ద పదవి కట్టబెట్టినట్టు ఉబ్బిపోయాను. సెలవుకు ఇంటికి వచ్చిన మా ఆయనతో గొప్పగా చెప్పాను. ఆయన అన్నం కలుపుకుంటూ, ఆలోచించే చేశావా అని మాత్రం అడిగారు. ఆయనకు ప్రతి దాంట్లోనూ అనుమానమే అని కసురుకున్నాను.

మొదట్లో భలే నడిచింది నా రాజ్యం. పొద్దున బడిలో ప్రార్థన అయిపోగానే మెసేజులు చదివేదాన్ని. ఫలానా వాళ్ళ పింఛను పడింది, ఫలానా వాళ్ళ స్కాలర్‌షిప్పుకు బ్యాంకుకు రమ్మన్నారు, అని చెబితే పిల్లలు సాయంత్రం ఇంటికి మోసుకుపోయేవాళ్ళు. ఒకసారి గర్భిణులకు సూది మందు వేయించుకోవాలన్న మెసేజు వస్తే పేరుతో సహా గట్టిగా చదివేశాను. ఆ అమ్మాయి అప్పటికి ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదట. మధ్యాహ్నానికి తండా అంతా తెలిసిపోయింది, మొగుడికి మాత్రం చివర్లో తెలిసింది. వారం రోజులు ఆ అమ్మాయి నాతో మాట్లాడలేదు. అప్పటి నుంచి చెవిలో చెప్పడం మొదలుపెట్టాను. నా ఫోను మోగితే చాలు, పొలానికి పోయేవాళ్ళు కూడా ఆగి, నాదేనా టీచరమ్మా అని అడిగేవాళ్ళు. ఆ అడగడం నాకు ఎంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు దాచుకోవడం ఎందుకు?

తర్వాత రిటైరయ్యాను. మా ఆయన ఉద్యోగం చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాబట్టి ఇద్దరం చెల్పూర్‌లోనే భూపాలపల్లి రోడ్డులో ఇల్లు తీసుకుని స్థిరపడ్డాం. ఆ ఇంట్లో నా పాత సిమ్ముకు సిగ్నల్ ఉండేది కాదు. మేడ మీదికి ఎక్కితే ఒక గీత, మెట్లు దిగితే అదీ లేదు. మోకాళ్ళ నొప్పులతో ఎన్నిసార్లు ఎక్కుతాను? కొత్త సిమ్ము తీసుకుని, చుట్టాలందరికీ నంబరు చెప్పి, పాతదాన్ని మాత్రల డబ్బాలో పడేశాను. అది చచ్చిపోయి ఎప్పుడు ఇంకొకరికి పోయిందో కూడా తెలియదు. దాని మీద ఒక తండా ఆధారపడి ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు. పిల్లలకు మతిమరుపని చెవులు మెలేసినదాన్ని, నాకు మాత్రం ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

ఆ తండాలో నా దగ్గర చదివిన అన్నాచెల్లెళ్ళు ఇద్దరు ఉన్నారు. అన్న లెక్కల్లో దిట్ట. నేను బోర్డు మీద లెక్క వేసి పొరపాటు చేస్తే లేచి చెప్పేవాడు కాదు, నేను నొచ్చుకుంటానని. గంట కొట్టాక దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పేవాడు. ఇంటర్ అయ్యాక యూనివర్సిటీలో అయిదేళ్ల ఎమ్మెస్సీకి మహబూబాబాద్ నెట్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టించుకున్నాడు. పరీక్ష రాశాడు. సీటు రాలేదు. ఆ తర్వాత చెల్పూర్ వచ్చి మా ఆయన చేత చెప్పించుకుని ప్లాంటులో బూడిద ఎత్తే దగ్గర కాంట్రాక్టు పనిలో చేరాడు. ఆదివారాలు మా ఇంటికి వచ్చినప్పుడల్లా నేను వాణ్ని సతాయించేదాన్ని, ఇంకాస్త కష్టపడితే సీటు రాదా అని. నవ్వి ఊరుకునేవాడు. చెల్లెలు జనగామలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది. సెలవులకు మా ఆపా ఇంట్లోనే ఉండేది. ఆపా అంటే మా అక్క, స్టేషన్ పక్కనే ఇల్లు. పిల్ల కూడా అదే యూనివర్సిటీ, అదే కోర్సు అంది. వస్తే హాస్టల్ ఇస్తారు, అయిదేళ్ళు చదువుకుంటుంది. రాకపోతే తల్లితో కలిసి మిరప తోటలకు కూలికి పోవడమే, వాళ్ళ ఇంట్లో వేరే దారి లేదు. దరఖాస్తు ఒక్కటి దాటితే చాలు, మార్కులు ఉన్నాయి కదా అని అందరం ధీమాగా ఉన్నాం.

ఆ జూన్‌లో ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి అన్న డ్యూటీ బట్టలతోనే మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఫోను, అవతల చెల్లెలు. జనగామ నెట్ సెంటర్‌లో ఆపాతో కలిసి కూర్చుని ఉంది. దరఖాస్తుకు ఆ రోజే ఆఖరు, సాయంత్రం అయిదింటి దాకా. ఆ ఏడాదే కొత్తగా, ఆధార్‌లో ఉన్న ఫోన్‌కు ఒక నంబరు పంపుతాం, అది కొడితేనే దరఖాస్తు తెరుచుకుంటుంది అని పెట్టారట. మూడుసార్లు నొక్కింది, నంబరు ఎక్కడికి పోతున్నదో తెలియదు. అయిదుసార్లకు మించి నొక్కనివ్వదట.

"ఆఖరి రెండంకెలు కనవడ్తానయి టీచరమ్మా. గవి నీ పాత నంబరువే గద?" అంది.

అవును, నావే. కుర్చీలో కూలబడ్డాను. మా ఆయన మాత్రల డబ్బా బోర్లించి సిమ్ము వెతికి ఫోన్‌లో వేశారు. అది ఎప్పుడో ప్రాణం వదిలేసింది. ఆపా నెట్ సెంటర్ నుంచి ఆధార్ సెంటర్‌కు ఉరికి, నంబరు మార్చమని అడిగి వచ్చింది. ఇవాళ ఇస్తే మారడానికి రోజులు పడతాయన్నారట. యూనివర్సిటీ కాగితం మీద ఉన్న ఫోన్‌కు చేస్తే మోగుతూనే ఉంది. అప్పుడు మా ఆయన అన్నారు, నీ నంబరుకు నువ్వే ఫోన్ చేసి చూడు, ఎవరైనా ఎత్తుతారేమో అని.

పన్నెండేళ్ళు నాదైన నంబరుకు నేనే ఫోన్ చేశాను. ఎవరో మగమనిషి ఎత్తాడు. వెనక లారీల హారన్లు. నేను టీచరు గొంతు తీసి సంగతంతా వరసగా చెప్పాను. చివరిదాకా విని, నీ అసొంటోళ్ళు దినాం చేస్తరు అని పెట్టేశాడు. మళ్ళీ చేశాను. ఓటీపీ చెబితే బ్యాంకులో పైసలు పోతాయని తన బిడ్డ ఒట్టు వేయించుకుందట, కలెక్టర్ వచ్చి అడిగినా చెప్పడట. ఈసారి నా పక్కనున్న పిల్లవాడు మాట్లాడాడు. వాడి గొంతు వినగానే, మొగోళ్ళు గూడ తయారైన్రా అని మళ్ళీ పెట్టేశాడు. నిజానికి ఆయన తప్పేం ఉంది? ఎవరికీ చెప్పొద్దని నేను కూడా అందరికీ చెప్పినదాన్నే. మూడోసారి చేసేసరికి నాకు ఏడుపు వచ్చేసింది. రిటైరైన టీచరును, ముక్కు మొహం తెలియని మనిషి ముందు ఫోన్‌లో వెక్కి వెక్కి ఏడ్చాను.

"నువ్వాడ ఏడిస్తే నేనీడ ఎట్ల నమ్మాలెనమ్మా? కేసముద్రం మార్కెట్ల హమాలిని. నా ముంగట నిలవడి అడుగు," అన్నాడు.

పదిన్నరకు బస్సు ఎక్కాం, నేనూ పిల్లవాడూ. వాడు ఆ రోజు డ్యూటీ పోగొట్టుకుని వచ్చాడు. హనుమకొండ దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటోలో వరంగల్ స్టేషన్. బండి వస్తుందన్న వేళకు రాలేదు. ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చుని గడియారం చూస్తూ ఉన్నాం. జీవితంలో అంత చేతకానితనం నేనెప్పుడూ అనుభవించలేదు. చదువు చెప్పడం నా చేతిలో పని, అది చేశాను. చదవడం పిల్ల చేతిలో పని, అదీ చేసింది. ఇప్పుడు మాత్రం రాని రైలు చేతిలో, ఎవరో హమాలీ జేబులో ఉంది అంతా. కోపం వచ్చి రైల్వేవాళ్ళను, కంప్యూటర్లను, చివరికి ఆధార్ వరండాలో లేచి నిలబడ్డ నన్ను కూడా తిట్టుకున్నాను. పిల్లవాడు నీళ్ళ సీసా నా చేతిలో పెట్టాడు. ఆపా పది నిమిషాలకొకసారి ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చారంటుంది. ఇక్కడే ఉన్నామంటే నమ్మదు. పిల్ల మాత్రం ఒక్కసారి కూడా ఫోన్ తీసుకోలేదు. భయపడితే మాట్లాడదు అది, చిన్నప్పటి నుంచీ అంతే.

కేసముద్రంలో దిగేసరికి మూడు దాటింది. మార్కెట్ యార్డు నిండా మొక్కజొన్న బస్తాలు, దుమ్ము, వరసగా లారీలు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఒక్కొక్క లారీ దగ్గరికి పోయి, మీలో ఎవరికైనా పొద్దున ఒకామె ఫోన్ చేసి ఏడ్చిందా అని అడిగాను. అడుగుతుంటే నాకే వింతగా ఉంది. హమాలీలు మొహాలు చూసుకున్నారు. అయిదో లారీ పైనుంచి ఒకాయన తొంగి చూశాడు. తలకు తువ్వాలు, ఒళ్ళంతా మక్కల పొట్టు. నిదానంగా దిగి వచ్చి నన్ను కిందికీ పైకీ చూశాడు. నా పాత గుర్తింపు కార్డు తీసి చూపించాను, తనకు చదువు రాదన్నాడు. కాసేపు ఆలోచించి, నా నంబరు చెప్పు సూద్దాం అన్నాడు.

పదంకెలూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. ఆయన తన ఫోన్ వెనక అంటించిన చీటీ పక్కనున్న వాడికి చూపించి సరి చూడమన్నాడు. సరిపోయింది. తన నంబరు తనకే నోటికి రాదట. ఇంత గడగడా చెప్పావంటే ఇది నీదేనమ్మా అని ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

బటన్ల ఫోన్. ఆపాకు చెప్పి నాలుగోసారి నొక్కించాను. చూస్తున్నాం, చూస్తున్నాం, ఏమీ రాలేదు. ఇంకొక్కసారే మిగిలింది. అప్పుడు పిల్లవాడు, ఫోన్ మీద ఒక మూల కవరు బొమ్మ ఆరి వెలుగుతున్నది చూపించాడు. మెసేజులు నిండిపోయాయి, కొత్తవి రావాలంటే పాతవి తీసేయాలి. హమాలీ ఒప్పుకోలేదు. ఈ నంబరు తీసుకున్నప్పటి నుంచి ఎవరెవరి పేర్లో వస్తున్నాయట, రేపు పోలీసులు అడిగితే చూపించాలని ఒక్కటీ తీయకుండా దాచాడట. నన్ను నమ్మి ఫోన్ ఇచ్చాడు కదా, ఇంకొంచెం నమ్మమని బతిమాలుకున్నాను. ప్రతిదీ చదివి, పనికిరానిదైతేనే తీసేస్తామన్నాను. సరేనన్నాడు. నాలుగుంబావు అయింది.

ఒక చెవికి నా ఫోన్‌లో ఆపాను పెట్టుకుని నేను పక్కన నిలబడ్డాను. పిల్లవాడు హమాలీ ఫోన్‌లో పాతవాటి దగ్గర మొదలుపెట్టి చదువుతూ తీసేస్తున్నాడు. అన్నీ నా తండా పేర్లు. ఒక ముసలాయన పింఛను ఆగిందని, వేలిముద్ర వేయడానికి రమ్మని. ఒకావిడ బిడ్డకు టీకా వేయించాలని. ఆ బిడ్డ ఈపాటికి నడుస్తూ ఉంటుంది. మూడో క్లాసులో నా ముందు కూర్చున్న పిల్ల పేరు మీద స్కాలర్‌షిప్పు, గడువు దాటితే రద్దవుతుందని. ఒక్కొక్కటి వింటుంటే ఎవరో చెంప మీద కొడుతున్నట్టే ఉంది నాకు. ఇంతమంది కబుర్లు ఇక్కడ మక్కల దుమ్ములో ఆగిపోయాయి.

ఉన్నట్టుండి వాడు చదవడం ఆపేశాడు. బొటనవేలు బటన్ మీద అలాగే ఉంది. ఏమైందిరా అని నేను వంగి చూశాను. కళ్ళజోడు సరిచేసుకుని చదివాను. అంతకు ముందు ఏడాది మెసేజ్. ఇంటిపేరుతో సహా వాడి పేరు. అయిదేళ్ల ఎమ్మెస్సీలో సీటు కేటాయించాం, నాలుగు రోజుల్లోగా యూనివర్సిటీకి వచ్చి చేరాలి, రాకపోతే సీటు వేరేవారికి పోతుంది అని ఉంది.

నెట్ సెంటర్ వాళ్ళు ఆ ఏడాది దరఖాస్తులో, వాణ్ని అడగకుండా, ఆధార్‌లో ఉన్న నంబరే కొట్టేశారు. సీటు వస్తే మెసేజ్ వస్తుంది, అప్పుడు రా అన్నారు. అది ఇక్కడికి వచ్చింది. వాడికి సీటు రాకపోవడం కాదు, వచ్చింది. హమాలీ మా మొహాలు చూసి, ఏముంది దాంట్ల, తీసెయ్యాల్నా ఉంచాల్నా అని అడుగుతున్నాడు. చెవిలో ఆపా, నొక్కమంటావా వద్దా అని అరుస్తోంది. వాడు ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

"తీసెయ్యాలె. జాగ గావాలె గద," అని తనే బటన్ నొక్కాడు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు, "చెల్లెను నొక్కమను టీచరమ్మా, టైం అయితాంది."

నొక్కమన్నాను. ఫోన్ వణికింది. ఆరంకెలు వచ్చాయి. వాడే ఒక్కొక్కటీ చదివాడు, నేను ఆపాకు చెప్పాను, ఆపా పిల్లకు చెప్పింది. తర్వాత పిల్ల గొంతు వినిపించింది, తెరుచుకుంది టీచరమ్మా అని. అయిదుకు పది నిమిషాల ముందు దరఖాస్తు పూర్తయింది. హమాలీ మాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. తువ్వాలుతో బస్తా మీద దుమ్ము దులిపి నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఎవలన్న ఒక్కలు ముందుగల్ల వచ్చి అడిగితె ఇయ్యకపోదునా అన్నాడు పాపం. ఆయన మంచికే అన్నాడు. నా చాయ్ పిల్లవాడికే ఇచ్చేశాను.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో వాడికి క్షమాపణ చెప్పాను. ఏదేదో అన్నాను. వాడు, మీరేం జేస్తరు టీచరమ్మా అని కిటికీ వైపు తిరిగాడు. వారం తిరగకముందే ఆపాను వెంట పెట్టుకుని తండాకు పోయి, దొరికిన వాళ్ళందరినీ ఆటోల్లో ఎక్కించి ఆధార్ సెంటర్‌కు తీసుకుపోయి ఎవరి నంబరు వాళ్ళకు వేయించాను. పింఛను ముసలాయన రాలేదు, ఆయన ముందు సంవత్సరమే పోయాడట.

పిల్లకు సీటు వచ్చింది. ఇప్పుడు రెండో ఏడాది పూర్తి చేసింది. సెలవులకు వస్తే నాకు అర్థం కాని సంగతులు గంటలకొద్దీ చెబుతుంది. మళ్ళీ పరీక్ష రాయరా అని వాడికి ప్రతి ఏడూ చెబుతున్నాను. చెల్లె చదువు అయినంక సూద్దాం అంటాడు. ఇప్పటికీ ప్లాంటులోనే, బూడిద దగ్గరే. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును, కనీసం ఒకసారి తిట్టినా నాకు తేలిగ్గా ఉండేది.

ఆ మెసేజ్‌లో ఉన్న తేదీలు నాకు నోటికి వచ్చు. ఆ నాలుగు రోజులూ వాడు తండాలో తన ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడని, నీళ్ళకు పోయినా వెంట పట్టుకుపోయాడని తర్వాత వాళ్ళమ్మ చెప్పింది. అవే నాలుగు రోజులు చెల్పూర్‌లో నాకు కూడా గడిచే ఉంటాయి. ఆ రోజుల్లో నేను ఏం చేస్తున్నానో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.